ఫోలిక్ యాసిడ్ మాత్రలు: కొనేముందు స్ట్రిప్ వెనక అంకె చూడండి

బిడ్డ వెన్నుపాము సరిగ్గా ఏర్పడటానికి గర్భిణులు వేసుకునే ఈ మాత్రల ధరకి వంక పెట్టలేం. మొదటి ఇబ్బంది డోసుతో. మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ అడిగితే తరచుగా 5 మిల్లీగ్రాముల మాత్ర చేతిలో పెడతారు. మొదటి మూడు నెలల్లో చాలామందికి రోజుకు 400 మైక్రోగ్రాములు (అంటే 0.4 మిల్లీగ్రాములు) చాలు. 5 మిల్లీగ్రాములనేది ఇదివరకు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు డాక్టర్లు రాసే డోసు. మీకు అదే రాసుంటే మానకండి, ఎందుకో అడగండి. శాకాహారులైతే విటమిన్ బి12 పరీక్ష కూడా అడగండి. ఫోలిక్ యాసిడ్ పెద్ద డోసు బి12 లోపాన్ని రక్తపరీక్షలో కప్పేస్తుంది.

మాత్ర చిన్నది, వేవిళ్లలోనూ దిగుతుంది. పొద్దున వాంతులైతే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. ఐరన్ కలిసినది ఇప్పుడే వద్దు, వికారం, మలబద్ధకం పెరుగుతాయి. రక్తం బాగా తక్కువుంటే తప్ప అది నాలుగో నెల నుంచి.

అసలు చిక్కు సమయంతో. గర్భం నిలిచిన 28 రోజులకల్లా శిశువు వెన్నుపాము నాళం (మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం) మూసుకుంటుంది, సరిగా మూసుకోకపోతే లోపం వస్తుంది. కిట్‌లో రెండు గీతలు చూశాక మొదలుపెడితే సగం గడువు అయిపోయినట్టే. పిల్లల కోసం ప్రయత్నించడానికి కనీసం నెల ముందే మొదలుపెట్టి, గర్భం పన్నెండో వారం దాకా వాడాలి. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు మింగకండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, ముందు అక్కడ అడగండి.