క్వార్టర్‌బ్యాక్ కోచింగ్: కాళ్లకు ఫుల్ మార్కులు, కళ్లకు పాస్ మార్కులు

డాలస్‌కు ఉత్తరాన, హైవే పక్కన గోడౌన్ల మధ్య ఉన్న ఒక క్వార్టర్‌బ్యాక్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) ట్రైనింగ్ సెంటర్ గురించి ఇది. మా వాడు ఇంకా అక్కడికే వెళ్తున్నాడు కాబట్టి పేరు రాయడం లేదు. నలుగురైదుగురు పిల్లల బ్యాచ్ అయితే గంటకు 60 డాలర్లు, ఒక్కడికే అయితే 120. ఐదుకు మూడున్నర స్టార్లు ఇస్తున్నాను. ఆ మూడున్నరలో మూడు పెద్ద కోచ్‌వే.

ఆయన కాలేజీలో బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్. "నేను ఆడిన దానికంటే పక్కన నిలబడి చూసిందే ఎక్కువండీ" అని మొదటి రోజే చెప్పేశాడు. నాకైతే అదే నచ్చింది. మా వాడు తొమ్మిదో తరగతి, చెయ్యి బలంగానే ఉంటుంది. కానీ కాస్త దూరం విసిరితే చాలు, బంతి దాన్ని అందుకోవాల్సిన రిసీవర్ తల మీదుగా పోయేది. చెయ్యి ఇంకా పైకెత్తు, మోచెయ్యి వంచు అని అందరూ చేతినే పట్టుకున్నారు. ఈయన మాత్రం చేతి జోలికే పోలేదు. ఐప్యాడ్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూపించాడు: విసిరేటప్పుడు ముందు కాలు మరీ దూరం వేస్తున్నాడు, దాంతో ఒళ్లు వెనక్కి వాలి బంతి పైకి లేస్తోంది. ఆ రోజు వాడికి బంతే ఇవ్వలేదు. గంటసేపూ అడుగులే. త్రీ స్టెప్ డ్రాప్, ఫైవ్ స్టెప్ డ్రాప్ (విసిరే ముందు వెనక్కి వేసే మూడు, ఐదు అడుగులు), షాట్‌గన్‌లో, అంటే కాస్త వెనక నిలబడి, స్నాప్ (ఆట మొదలుపెడుతూ వెనక్కి అందించే బంతి) అందుకున్నాక వేసే అడుగులు, పక్కకు పరిగెత్తుతూ భుజం తిప్పడం. వాడు కారెక్కి ఒకటే గొణుగుడు. వేసవి సెలవులు వచ్చేసరికి బంతి రిసీవర్ ఛాతీ దగ్గరికి వెళ్లడం మొదలైంది. ఈ పని వరకు ఈయన దగ్గర వంక పెట్టడానికి లేదు.

వంక ఎక్కడంటే, అక్కడ బంతిని నెట్‌లోకి విసిరిస్తారు. ఎదురుగా డిఫెన్స్ ఉండదు, మీదికి ఉరికి వచ్చేవాడు ఉండడు. వైట్‌బోర్డు మీద కవర్ 2, కవర్ 3 అనే డిఫెన్స్ అమరికలు గీసి, "వెనకాల సేఫ్టీలు (డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా ఉండేవాళ్లు) ఒకరా ఇద్దరా, ముందు అది చూడు" అని చెబుతారు. పిల్లాడు తలూపుతాడు. మ్యాచ్‌లో ఆ సేఫ్టీ స్నాప్ పడ్డాక చోటు మారతాడు. అప్పుడు మూడు సెకన్లలోపు మనసు మార్చుకోవాలి. అది నెట్ నేర్పదు. ఇదే మాట పెద్ద కోచ్‌ను అడిగాను. "అది స్కూల్ కోచ్ నేర్పాల్సిందండీ, వారానికి గంటలో నావల్ల కాదు" అన్నాడు. డబ్బు తీసుకునేవాడు ఇంత సూటిగా చెప్పడం అరుదు.

ఇక వెయిటింగ్ ఏరియా. మడత కుర్చీలు, లాంగ్‌హార్న్స్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ జట్టు) టోపీలు, యాగీస్ (టెక్సస్ ఏ అండ్ ఎమ్ జట్టు) టోపీలు, మధ్యలో వాటికి పోటీ అయిన టెక్సస్ టెక్‌లో ఎమ్మెస్ చేసిన నేను ఒక్కదాన్ని. 2008 నవంబర్ 1న నంబర్ వన్ ర్యాంకులో ఉన్న టెక్సస్‌ను చివరి సెకనులో రిసీవర్ క్రాబ్‌ట్రీ క్యాచ్‌తో మా టెక్ 39-33తో ఓడించినప్పుడు నేను టెక్ ఉన్న ఊరు లబక్‌లోనే ఉన్నాను కాబట్టి, ఆ టోపీల ముందు నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

అక్కడ రోజూ నలిగేది ఒకటే: క్వార్టర్‌బ్యాక్‌ను కోచ్ తయారు చేస్తాడా, వాడు పుట్టుకతోనే అంతా? పేరుమోసిన మ్యానింగ్ క్వార్టర్‌బ్యాక్‌ల ఇంటి కుర్రాడు, టెక్సస్‌లో చేరిన ఆర్చ్ మ్యానింగ్ పేరు రాని రోజు లేదు. అక్కడ క్విన్ ఎవర్స్ ఆడుతుంటే వెనక రెండేళ్లు ఆగాడు, తన వంతు వచ్చిన 2025లో టెక్సస్ నంబర్ వన్‌గా సీజన్ మొదలుపెట్టి ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడింది. ఒకాయన తప్పు టెక్సస్ కోచ్ సార్కీషియన్‌ది అంటాడు, ఇంకొకాయన ఇంటిపేరుదంటాడు.

మన తెలుగాయన ఒకరున్నారు, ఆయన బాబు కూడా అదే బ్యాచ్. "అక్కా, బెంచీ మీద కూర్చుంటే ఏం నేర్చుకుంటాడు? ఆడితేనే కదా" అన్నాడు. మా టెక్‌లో బీజే సైమన్స్ అనే క్వార్టర్‌బ్యాక్ మూడేళ్లు క్లిఫ్ కింగ్స్‌బరీ వెనక కూర్చుని, చివరి ఏడాది 2003లో 5,833 గజాలు విసిరాడని చెప్పాను. వెంటనే, "మరి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (ప్రొఫెషనల్ లీగ్) ఏమయ్యాడు?" అన్నాడు. కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆఖరిదైన ఏడో రౌండ్‌లో తీసుకున్నారు, అంతే. "చూశారా, అది మీ కోచ్ మైక్ లీచ్ సిస్టమ్ అక్కా, కుర్రాడు కాదు!" అని ఆయన గెలిచేసినట్టు కాఫీ తెచ్చుకోవడానికి లేచాడు.

కానీ సిస్టమ్ క్వార్టర్‌బ్యాక్, అంటే గొప్పతనం కోచ్ పద్ధతిదే, కుర్రాడిది కాదు అనేదే నాకు గిట్టని మాట. 2016లో ఓక్లహామా మీద, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సూపర్ బౌల్‌లు గెలిచిన ప్యాట్రిక్ మహోమ్స్ మా టెక్ తరఫున 734 గజాలు విసిరినా టెక్ 66-59తో ఓడింది. అవతల ఆడినది అంతకుముందు మా దగ్గరే ఉండి వెళ్లిపోయిన బేకర్ మేఫీల్డ్. ఆ ఏడాది టెక్ ఐదు గెలిచి ఏడు ఓడింది. అప్పుడూ సిస్టమ్ కుర్రాడే అన్నారు. జో బర్రో సంగతి చూడండి: ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 2018లో 16 టచ్‌డౌన్ పాసులు, 2019లో 60. ఏడాదిలో చెయ్యి కొత్తది మొలవలేదు కదా. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు సెయింట్స్ నుంచి కోచ్‌గా జో బ్రేడీ వచ్చాడు, దాడి తీరు మారింది, చుట్టూ ఉన్న రిసీవర్లు ముదిరారు, తనకూ రెండో ఏడాది. వీటిలో ఏది ఎంతో విడదీసి చెప్పేవాడు ఎవడైనా ఉంటే వాడికి నేనే ఫీజు కడతాను.

నన్ను బాగా ఆలోచింపజేసేది క్యామ్ వార్డ్ అనే క్వార్టర్‌బ్యాక్. ఇక్కడే టెక్సస్‌లో, పరుగులే తప్ప పాసులు పెద్దగా విసరని హైస్కూల్ జట్టు. కాలేజీల కోసం కుర్రాళ్లకు ఇచ్చే రేటింగ్‌లో ఒక్క స్టార్ కూడా లేదు. ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న జట్టు కోచ్ ఎరిక్ మోరిస్ తీసుకున్నాడు (మా 2008 టెక్ జట్టులో రిసీవర్, నాకు ఆ గర్వం ఉంది). తర్వాత వాషింగ్టన్ స్టేట్‌కూ ఇద్దరూ వెళ్లారు. వార్డ్ ఆఖరున మయామీలో ఆడి 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడయ్యాడు. ఏళ్లపాటు ఒకే గొంతు చెవిలో పడటం అంటే అది. వారానికి ఒక గంట అమ్మే సెంటర్ దాన్ని అమ్మలేదు, అమ్ముతున్నట్టు మాట్లాడితేనే నాకు తేడాగా ఉంటుంది.

ఈ సెంటర్ ఆఫీసు వాళ్లు సరిగ్గా అలాగే మాట్లాడతారు. "రిక్రూటింగ్ ప్యాకేజీ" అని 1,500 డాలర్లు. హైలైట్ వీడియో, సోషల్ మీడియా పోస్టులు, కాలేజీ కోచ్‌లకు ఈమెయిళ్లు. టెన్షన్ పెట్టడం కూడా బాగా వచ్చు: 2021 నుంచి మొదటిసారి జట్టు మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు, కాబట్టి కాలేజీలు పోర్టల్‌లోంచి (జట్టు మారాలనుకునే కాలేజీ ఆటగాళ్ల జాబితా) ఆడి ఆరితేరినవాళ్లనే తెచ్చుకుంటున్నాయి, మీవాడికి చోటు దొరకదు అంటారు. మాట నిజమే. హైస్కూల్ కుర్రాడి కోసం మూడేళ్లు ఆగే ఓపిక చాలా చోట్ల తగ్గింది. కానీ దానికి మందు ఈ ప్యాకేజీ ఎలా అవుతుంది? మ్యాచ్ వీడియోలు స్కూల్ వాళ్లు హడల్ అనే వీడియో సైట్‌లో పెడతారు, క్లిప్పులు పిల్లాడే కత్తిరించుకోగలడు. తొమ్మిదో తరగతి వాడి ఈమెయిల్ కోసం ఏ కాలేజీ కోచ్ ఎదురుచూస్తున్నాడు? వద్దన్నాను. మూడుసార్లు ఫోన్ చేశాక ఊరుకున్నారు.

చిన్న కోచ్‌ల సంగతి చెప్పాలి. పెద్దాయన లేని రోజు కుర్ర అసిస్టెంట్లు వస్తారు. షాట్‌గన్‌లో స్కూల్ కోచ్ ఒక కాలు ముందు పెట్టమంటే, ఒక అసిస్టెంట్ రెండోది పెట్టమని, "మీ స్కూల్లో వాళ్లకు తెలియదు" అని పిల్లాడి ముందే అన్నాడు. వాడు ఆ వారమంతా అయోమయంలో పడ్డాడు. పెద్ద కోచ్‌కు చెబితే ఒక్క మాటలో తేల్చాడు: "స్కూల్లో ఎలా చెబితే అలాగే. వాణ్ణి ఆడించేది ఆయన." అందుకే బుక్ చేసేటప్పుడు ఎవరొస్తారో అడిగి తెలుసుకోండి, ఆయన లేకపోతే వాయిదా వేయండి.

లోపల ఏసీ లేదు, పెద్ద ఫ్యాన్లే. జూలైలో ఊపిరాడదు, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. పార్కింగ్ ఇబ్బంది లేదు.

చేర్పించాలనుకుంటే జనవరి నుంచి మే దాకా మంచి సమయం. ఆగస్టులో స్కూల్ ప్రాక్టీస్ మొదలవగానే మేం ఆపేస్తాం, సీజన్‌లో వాడికి ఒక్క కోచ్ మాటే వినపడాలి. ఏడాది ప్లాన్ తీసుకుంటే ఆ నెలలకూ ముందే కట్టించుకుంటారు, తిరిగి ఇవ్వరు. నెలవారీ ప్లాన్ కూడా ఉంది, బోర్డు మీద రాసి ఉండదు, అడిగితేనే చెబుతారు.