ఈస్టర్ గుడ్డుపై ఏ ముద్ర మేలు?

ఇంగ్లండ్‌లో మేము కూడుకునే తెలుగు సంఘంలో, సండే స్కూలు పిల్లలకు ఈస్టర్ రోజున చాక్లెట్ గుడ్లు కొని పంచే పని మూడేళ్లుగా నా వంతుకు వస్తోంది. మన ఊళ్లలో పునరుత్థాన పండుగ అంటే తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించడం, ఆ తరువాత ఆరాధన. చాక్లెట్ గుడ్డుకు అక్కడ పెద్దగా చోటు లేదు. బ్రిస్టల్‌కు చెందిన ఫ్రై కంపెనీ 1873లో బ్రిటన్‌లో మొదటి చాక్లెట్ గుడ్డును తయారుచేసింది. ఇక్కడ పుట్టిపెరిగిన మా పిల్లలకు ఇప్పుడు గుడ్డు లేకపోతే అది ఈస్టరే కాదు. ముప్పై మంది పిల్లలున్నారు, సంఘం ఇచ్చే సొమ్ము కొద్దిపాటిది, పైగా మనం పంచే తీపి వెనక ఎక్కడో ఒక రైతు ఇల్లు అప్పులపాలై ఉండకూడదన్న పట్టింపు ఒకటి. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఏ గుడ్డు కొనడం మేలో తేల్చుకోవడానికి నేను వేసుకున్న లెక్కలను ఇక్కడ రాస్తున్నాను.

ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘానా దేశాల నుంచే వస్తుంది. పండించేవారిలో అత్యధికులు కొద్ది ఎకరాల చిన్న రైతులు. కూలీలను పెట్టుకునే స్తోమత లేని చోట ఆ పని పిల్లల మీద పడుతుంది. 2018–19 పంటకాలంలో ఈ రెండు దేశాల్లో సుమారు 15 లక్షల 60 వేల మంది పిల్లలు కోకో తోటల పనుల్లో ఉన్నారని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థ 2020లో అంచనా వేసింది. కాబట్టి రైతుకూ అడవికీ న్యాయం జరుగుతోందన్న హామీగా అట్ట పెట్టె మీద వేసే ముద్రను అడగవలసిన మొదటి ప్రశ్న, రైతు చేతికి నమ్మకమైన రాబడి వచ్చే ఏర్పాటు దానిలో ఉందా లేదా అన్నదే.

ఆకుపచ్చ, నీలం రంగుల మధ్య చేయి పైకెత్తిన మనిషిలా కనిపించే ఫెయిర్‌ట్రేడ్ గుర్తు ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెబుతుంది. మన వడ్లకు కనీస మద్దతు ధర ఉన్నట్లే ఇక్కడ కోకోకు ఒక కనీస ధర ఉంటుంది. 2019 అక్టోబరు నుంచి అమలుకు వచ్చిన నిర్ణయం ప్రకారం అది టన్నుకు 2,400 డాలర్లు. మార్కెట్ ధర అంతకంటే దిగువకు పడితే కొనుగోలుదారు ఈ ధరకు కొనవలసిందే. పైకి వెళితే మార్కెట్ ధర ఇవ్వవలసిందే. దీనికి తోడు టన్నుకు 240 డాలర్ల ప్రీమియం, అంటే ధర మీద అదనపు సొమ్ము, విడిగా రైతుల సహకార సంఘానికి చేరుతుంది. దానితో బావి తవ్వించాలా, బడి కట్టించాలా, సభ్యులకు నగదుగా పంచాలా అన్నది ఆ సంఘం సభ్యులే సమావేశమై తేల్చుకుంటారు. ఈ కనీస ధర ఓడరేవు దగ్గర లెక్కించేదే గాని తోట గట్టు మీద రైతు చేతిలో పడేది కాదన్న సంగతిని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఘానాలో రైతుకు దక్కే ధరను ఏటా ప్రభుత్వమే ప్రకటిస్తుంది.

చిన్న ఆకుపచ్చ కప్ప బొమ్మతో ఉండేది రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ ముద్ర. ఇది యూటీజెడ్ అనే మరో ముద్రను 2018లో తనలో కలుపుకుంది. అడవిని నరకకుండా ఉండడం, తోటలో నీడచెట్లను నిలుపుకోవడం, పురుగుమందుల వాడకాన్ని అదుపులో ఉంచడం వంటి విషయాల్లో దాని నియమాలు గట్టివే. ధర దగ్గరకు వచ్చేసరికి కనీస ధర అన్నదే దానిలో లేదు; మార్కెట్ ధర మీద టన్నుకు కనీసం 70 డాలర్లు అదనంగా ఇవ్వాలన్న నియమం మాత్రం ఉంది. 240కీ 70కీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. బ్రిటన్‌లో పది సంవత్సరాలు ఫెయిర్‌ట్రేడ్ గుర్తుతో అమ్ముడైన కిట్‌క్యాట్‌ను నెస్లే 2020లో ఆ గుర్తు నుంచి తప్పించి కప్ప ముద్రలోకి మార్చినప్పుడు రైతు సంఘాలు బాధపడడానికి కారణం ఈ తేడాయే. అడవి గురించి ముందుగా ఆలోచించేవారికి కప్ప ముద్ర చెడ్డ ఎంపిక కాదు. రైతు రాబడే ముఖ్యమనుకునే నా వంటివారికి అది రెండో స్థానంలోనే ఉంటుంది.

కంపెనీలు తామే నడుపుకొనే పథకాలది మూడో స్థానం. క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్ 2009లో బ్రిటన్‌లో ఫెయిర్‌ట్రేడ్ గుర్తు పొందినప్పుడు అది పెద్ద వార్త. 2016లో ఆ కంపెనీ యజమాని మాండలీజ్ దానిని తన సొంత పథకమైన కోకో లైఫ్ కిందికి తెచ్చింది. ఆ పథకం వలన గ్రామాలకు మేలు జరగడం లేదని నేను అనను. బయటివారు వచ్చి తనిఖీ చేసినా, ప్రమాణాలు రాసుకునేదీ ఎప్పుడు మార్చాలో నిర్ణయించుకునేదీ కొనుగోలుదారే అయినప్పుడు, ప్రశ్నపత్రం కూర్చినవాడే పరీక్ష రాసినట్లుంటుంది. గింజలు అమ్మే రైతుకు ఆ నిర్ణయాలు జరిగే చోట కుర్చీ ఉండాలి కదా. ఈస్టర్ సమయంలో అరలు నింపేసే పెద్ద పెద్ద రంగుల పెట్టెలలో ఎక్కువ భాగం ఈ కోవలోవే.

ఇంతవరకు ఫెయిర్‌ట్రేడ్ వైపే తూకం మొగ్గింది గాని దాని మీద రెండు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది ధర గురించి. పశ్చిమ ఆఫ్రికాలో వాతావరణం దెబ్బతీసి, వైరస్ తెగులు సోకి పంట తగ్గడంతో 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్‌లో టన్ను కోకో 12,000 డాలర్లు దాటింది. అటువంటి రోజుల్లో 2,400 డాలర్ల కనీస ధర నిద్రపోతున్నట్లే లెక్క. అయితే 2016–17లో ధర మూడో వంతుకు పైగా పడిపోయి టన్ను 2,000 డాలర్ల సమీపానికి వచ్చిన సంగతి, 12,000 చూసిన ధరే 2025 చివరికి సగానికి దిగిన సంగతి గుర్తున్నవారు ఈ కనీస ధరను తీసిపారేయరు. గొడుగు అక్కరకు వచ్చేది వాన కురిసినప్పుడే. పైగా ఘానా, ఐవరీ కోస్ట్‌లలో పంటను ముందుగానే ఒప్పందాల మీద అమ్మేస్తారు కాబట్టి ఆ 12,000 డాలర్ల కాలంలో కూడా రైతుకు అందినది దానిలో చిన్న భాగమే.

రెండోది ప్రీమియం పరిమాణం గురించి. దీనిని నేను కాగితం మీద లెక్కవేసి చూసుకుని కాస్త నీరసపడ్డాను. 200 గ్రాముల పాల చాక్లెట్ గుడ్డులో కోకో 30 శాతం అనుకుంటే అది 60 గ్రాములు. దానికి సుమారు 75 గ్రాముల ఎండు గింజలు కావాలి. టన్నుకు 240 డాలర్ల చొప్పున ఆ గింజల మీద వచ్చే ప్రీమియం రెండు సెంట్ల లోపే. కప్ప ముద్ర అయితే అర సెంటు. అంటే మనం గుడ్డుకు రెండు పౌన్లు ఎక్కువ పెట్టినంత మాత్రాన ఆ రెండు పౌన్లు ఘానాలోని కుమాసీ పక్కన ఏదో పల్లెకు చేరతాయనుకోవడం పొరపాటు. అధిక భాగం అట్టపెట్టెకు, రేకు కాగితానికి, దుకాణానికి పోతుంది. ఒక్క గుడ్డుతో తేలేదేమీ లేదు. వేల టన్నులు కొనే సంస్థ ఏ ముద్ర కింద కొంటుందన్నదే సంగతి.

ఇక్కడ గింజల కలయిక గురించి కూడా చెప్పుకోవాలి. ఫెయిర్‌ట్రేడ్ గుర్తు పక్కన చిన్న బాణం కనిపిస్తే పెట్టె వెనక రాసింది చదవమని అర్థం. చాలాసార్లు అక్కడ, ఈ గుడ్డులోని కోకోను ధ్రువీకరణ లేని కోకోతో కలిపి ఉండవచ్చునని ఉంటుంది. ఇది మోసం కాదు. పాల కేంద్రంలో ఊరందరి పాలూ ఒకే క్యానులో పడినా ఎవరి ఖాతాలో ఎన్ని లీటర్లో పుస్తకంలో ఉన్నట్లు, ఫ్యాక్టరీ ఎన్ని టన్నుల ఫెయిర్‌ట్రేడ్ కోకో కొన్నదో అన్ని టన్నులకే గుర్తు వాడుకుంటుంది. రైతుకు డబ్బు ముడుతుంది గాని మన పిల్లవాడు కొరికిన ముక్క ఏ తోటదో చెప్పలేము. కప్ప ముద్రలోనూ ఈ పద్ధతి ఉంది.

తోట తెలిసి తీరాలనుకునేవారికి టోనీస్ చాకోలోన్లీ ఒక దారి. డచ్ పాత్రికేయుడొకరు 2005లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన ఈ కంపెనీ ఫెయిర్‌ట్రేడ్ ధర మీద ఇంకా అదనంగా చెల్లిస్తుంది, సహకార సంఘాలతో కనీసం ఐదేళ్ల ఒప్పందం చేసుకుంటుంది, తన గింజలను ఇతర గింజలతో కలవనివ్వకుండా వేరుగా ఉంచుతుంది. ఆ గింజలను చాక్లెట్‌గా మార్చేది బ్యారీ కాలిబో అనే పెద్ద సంస్థ కావడంతో, 2021లో బానిసత్వం లేని చాక్లెట్ల జాబితా ఒకటి దీని పేరును తీసివేసింది. గింజలు కలవడం లేదని తెలిసినవారికి అది కఠినమైన తీర్పుగానే తోచవచ్చు. దీని పెద్ద చాక్లెట్‌ను లాభాల అసమానతకు గుర్తుగా కావాలనే చిన్నాపెద్ద ముక్కలుగా పోత పోస్తారు. ఆలోచన గొప్పదే, సండే స్కూలులో పంచడానికి మాత్రం అంతకంటే ప్రమాదకరమైన వస్తువు లేదు.

డివైన్ కథ వేరు. ఘానాలో 1993లో ఏర్పడిన కువాపా కోకూ అనే రైతు సహకార సంఘం 1998లో లండన్‌లో పుట్టిన ఈ చాక్లెట్ కంపెనీలో భాగస్వామి అయింది. 2006లో బాడీ షాప్ సంస్థ తన వాటాను ఉచితంగా ఇచ్చివేయడంతో రైతుల వాటా 45 శాతానికి పెరిగింది. గింజ అమ్మినవాడే చాక్లెట్ లాభంలోనూ పాలు పంచుకోవడం ఈ రంగంలో అరుదు. 2020లో జర్మనీకి చెందిన ఒక సంస్థ అధిక వాటా తీసుకోవడంతో రైతుల వాటా తగ్గిపోయింది. నాకు అది నచ్చలేదు. అయినా గింజ అదే సంఘానిది, బోర్డులో వారి మాట ఇంకా ఉంది కాబట్టి నా దృష్టిలో పెద్దవారికి ఇచ్చే కానుకకు ఇదే మొదటి ఎంపిక. పెట్టె మీద పునరుత్థాన వృత్తాంతమే ఉండాలనుకునే సంఘాలకు 2010 నుంచి అమ్ముడవుతున్న రియల్ ఈస్టర్ ఎగ్ ఉంది. దానిని ఈస్టర్ వారంలో వెతికితే దొరకదు, ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై శ్రమ దినాలు మొదలైనప్పుడే తెప్పించుకోవాలి.

చేతిలో సొమ్ము తక్కువ ఉన్నవారు కో-ఆప్ దుకాణం సొంత పేరుతో అమ్మే గుడ్లు చూడడం మంచిది. తన పేరుతో అమ్మే చాక్లెట్ అంతటినీ 2002లోనే ఫెయిర్‌ట్రేడ్‌కు మార్చిన దుకాణమది. గుడ్డు ఆకారమే కావాలన్న పట్టుదల లేకపోతే ఇంకొక లెక్క కూడా ఉంది. అర మీది చీటీలో చిన్న అక్షరాలతో 100 గ్రాముల ధర రాసి ఉంటుంది. దానిని పోల్చి చూస్తే లోపల డొల్లగా ఉండే గుడ్డు కంటే అదే కంపెనీ చాక్లెట్ బార్ సాధారణంగా బాగా చవక. అదే డబ్బుకు ఎక్కువ చాక్లెట్ వస్తుంది, దానితో పాటు ఎక్కువ కోకో, ఎక్కువ ప్రీమియం, తక్కువ అట్ట. ఈ మాట చెబితే మా పిల్లలు నన్ను సంఘం నుంచి వెలివేస్తారు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారికి ఈ ముద్రల గుడ్లు వెతకడం కంటే దగ్గరి దారి ఉంది. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. ఆ గింజలను ఊరి దగ్గరే పులియబెట్టి ఎండబెట్టి చాక్లెట్ చేసే ‘మనం చాక్లెట్’ వంటి సంస్థలు హైదరాబాదులోనే ఉన్నాయి. కోకోకు మన దేశంలో కనీస మద్దతు ధర లేదు. 2025లో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కినప్పుడు, కంపెనీలు ఇచ్చే 450 రూపాయలకు రాష్ట్ర ప్రభుత్వం 50 కలిపి కిలోకు 500 అందేలా ఏర్పాటు చేయవలసివచ్చింది. అందువల్ల మన గింజే కదా అని ఊరుకోకుండా, కిలోకు రైతుకు ఎంత ఇచ్చారని దుకాణంలో అడగవచ్చు. మా పిన్నిగారిది ఏలూరు దగ్గరి పల్లె. అడిగితే చెప్పేవారి దగ్గరే కొంటానని ఆవిడ నియమం పెట్టుకున్నారు.

ఈ సంవత్సరం నా కొనుగోలు ఇలా తేలింది: పిల్లలకు కో-ఆప్ చిన్న గుడ్లు ముప్పై రెండు, బడి చెప్పే ముగ్గురు అక్కలకు డివైన్ గుడ్డు ఒక్కొక్కటి, పాస్టరు గారికి చక్కెర తగ్గించమన్నారు కాబట్టి 85 శాతం నల్ల చాక్లెట్ బార్. ఎక్కువ కొన్న రెండు గుడ్లు చెప్పకుండా వచ్చే పిల్లల కోసం.