మూడేళ్లుగా నా కొప్పులో ఉన్న టేకు పుల్ల

నా జుట్టు విప్పితే నడుం దాటి ఇంకో జానెడు ఉంటుంది. విజయనగరం కాంప్లెక్స్ నుంచి చీపురుపల్లి వైపు రోజూ పల్లెవెలుగు బస్సులో బడికి పోయి రావాలి. జడ వేసుకుంటే కిటికీ గాలికి ఎగిరి పక్క సీటావిడ మొహం మీద కొడుతుంది. అందుకని ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ కొప్పే. తల తడిగా ఉండగానే దువ్వి, నడినెత్తికి కాస్త కిందగా రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిప్పి, ఆరు పిన్నులు గుచ్చి, నుదుటి మీద ఒక్క వెంట్రుక లేవకుండా నీళ్ల చేత్తో అద్దేదాన్ని. పదకొండేళ్లు అదే వరస. మూడో పీరియడ్‌కల్లా తలపోటు వచ్చేది. ఇంటికొచ్చి బ్యాండు లాగేస్తే కుదుళ్లు సలిపేవి. ఎండకి అనుకునేదాన్ని. డిసెంబరులో కూడా ఎండకే అనుకున్నాను, అదీ నా తెలివి.

2022 పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర తీయించుకున్న ఫొటో చూసి మా అప్ప, "ఏటే అమ్మీ, నీ నుదురు ఇంత పెద్దదైపోయిందేటి?" అంది. నిజమే. కణతల దగ్గర రెండు పక్కలా వేలెడు మేర పలచబడిపోయింది. విచిత్రంగా నుదుటి అంచునే సన్నటి పీచులాంటి వెంట్రుకలు ఓ వరస మిగిలాయి, వాటి వెనకాల ఖాళీ.

విశాఖలో చర్మ వైద్యుణ్ణి కలిస్తే ముందు థైరాయిడ్‌కీ రక్తహీనతకీ పరీక్షలు రాశారు. అవి బాగానే ఉన్నాయి. తర్వాత అద్దం లాంటిది పెట్టి కుదుళ్లు చూసి, ముందరి ఆ పీచు వరసే గుర్తని చెప్పారు. పొట్టిగా ఉన్న ఆ వెంట్రుకలు కొప్పులోకి అందవు, లాగుడు పడదు, కాబట్టి బతికిపోతాయి. దాని వెనక ఉన్నవాటికి పొద్దస్తమానం లాగుడే. దీన్ని ట్రాక్షన్ అలోపేసియా అంటారు. జబ్బు కొత్తదేం కాదు. జుట్టు బిగించి కట్టే గ్రీన్‌లాండ్ ఆడవాళ్లలో 1907లోనే దీన్ని గుర్తించారు. తలపాగా కింద ముడి బిగించే సిక్కు మగవాళ్లలోనూ కనిపిస్తుంది. తొందరగా మానేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి లాగితే కుదురే మూసుకుపోయి, అక్కడ ఇక మొలవదు. జుట్టు కత్తిరించమని ఆయన అనలేదు. లాగడం మానమన్నారు.

రబ్బరు బ్యాండూ, పిన్నులూ మానేసి కొప్పుని పుల్లతో నిలబెడదామనుకున్నాను. అప్పుడు మొదలైంది పుల్ల కథ.

మొదట కొన్నది లక్క పూసిన ఎర్ర పుల్ల. చూడ్డానికి ముద్దుగా ఉంది, నూనె రాసిన తలలో నిలిస్తే ఒట్టు. నున్నటి లక్క, నున్నటి జుట్టు, ఇంక దేనికి పట్టు? నెల్లిమర్ల దాకా పోయేలోపే వీపు మీదకి జారేది. తర్వాత ప్లాస్టిక్‌ది. దానికి అచ్చు అతుకు గీత నిలువునా ఉంది, గోటితో రాస్తే తెలుస్తుంది. ఆ గీతే రోజూ నాలుగు వెంట్రుకలు తెంపేది. ఒకరోజు బడిలో పుల్ల మర్చిపోయి ఎర్ర పెన్ను గుచ్చుకున్నాను. ఏడో తరగతి పిల్లలు మెడ మీద ఎర్ర మరకలు చూసి దెబ్బ తగిలిందని హెడ్మాస్టారికి చెప్పొచ్చారు.

చివరికి మా వీధిలో తలుపులు చేసే వడ్రంగి మావయ్యని అడిగి, మిగిలిపోయిన టేకు ముక్కతో రెండు కాళ్ల పుల్ల చేయించుకున్నాను. పొడవు 16 సెం.మీ., కాళ్ల మధ్య చిటికెన వేలు దూరేంత సందు. వార్నిష్ వద్దన్నాను. సన్న గరుకు కాగితంతో రుద్ది కొబ్బరినూనె పట్టించాం, అంతే. మొదటిది పదిహేను రోజులకే విరిగింది, కర్ర నార అడ్డంగా వచ్చిందట. రెండోది కాళ్ల పొడవునా నార వచ్చేట్టు కోశాడు. ఈ సమీక్ష ఆ రెండో దాని గురించే. డబ్బులు తీసుకోలేదు గానీ, తలుపులు చేసే చేతులతో తలపిన్నులు చేయించావని ఇప్పటికీ దెప్పుతాడు.

ఇది చాలామంది చెప్పరు కాబట్టి నేను చెప్తాను: మొదటి రెండు నెలలు పుల్ల వల్ల నాకు ఒరిగిందేం లేదు. తలపోటు అలాగే ఉంది. ఎందుకంటే పాత పద్ధతిలోనే నుదురు నుంచి బిగించి దువ్వి, ఆ తర్వాత పుల్ల గుచ్చేదాన్ని. పుల్ల మీటలాగా పనిచేస్తుంది, బిగువు మీద గుచ్చితే రబ్బరు కంటే ఎక్కువ లాగుతుంది. అది అర్థమైంది మా అమ్మమ్మ వేలుముడి గుర్తొచ్చాక. ఆవిడకి రబ్బరూ లేదు, పిన్నూ లేదు. జుట్టంతా మెడ మీదకి తెచ్చి, వేళ్ల చుట్టూ తిప్పి, కొస లోపలికి దోపేది. ఊడ్పులకి వంగినా నిలిచేది. ఊడితే గట్టు మీద నడుస్తూనే మళ్లీ చుట్టుకునేది. ఎనభై ఏళ్లకీ ఆవిడ కణతల దగ్గర జుట్టు నా కంటే ఒత్తుగా ఉండేది. ముడి ముడినే పట్టుకోవాలి తప్ప నుదుటిని పట్టుకుని వేలాడకూడదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. తల పూర్తిగా ఆరాకే కడతాను. తడి వెంట్రుక సాగుతుంది, సాగితే తొందరగా తెగుతుంది. పైగా తడిమీద వదులుగా కట్టాననుకున్నది ఆరేసరికి బిగుస్తుంది. దువ్వెన చిక్కు తీయడానికే. వెనక్కి తెచ్చేది వేళ్లతోనే. మెడ గుంటకి కాస్త పైన పట్టుకుని, తాడు పేనినట్టు పేనుతూ పోతే దానంతట అదే చుట్టుకుంటుంది. చుట్ట అయ్యాక పుల్ల కొసలతో చుట్ట అంచున కొన్ని వెంట్రుకలు అందుకుని, పుల్లని బయటి నుంచి లోపలికి తిప్పి, తలకి ఆనించి చుట్ట కిందుగా అవతలికి తోస్తాను. ఆ తిప్పడమే కీలకం. తిప్పకుండా నేరుగా గుచ్చితే పది నిమిషాల్లో ఊడుతుంది. తర్వాత రెండు కనుబొమలూ పైకెత్తి చూస్తాను. నుదురు లాగినట్టుంటే విప్పి మళ్లీ. చేయి తిరగడానికి వారం పట్టింది, ఇప్పుడు అర నిమిషం.

లోపాలు చాలానే ఉన్నాయి. తలంటుకున్న రోజు జుట్టు పట్టు లేకుండా జారుతుంది, ఆ రోజు జడే దిక్కు. స్కూటీ మీద వెళ్లేటప్పుడు పుల్ల తీసి బ్యాగులో పడేస్తాను. హెల్మెట్ కింద కర్ర పెట్టుకోవడం ప్రమాదం, హెల్మెట్ కూడా సరిగ్గా కూర్చోదు. బస్సులో వెనక్కి వాలితే కొస గుచ్చుకుంటుంది కాబట్టి కునుకు తీయాలంటే కొంచెం పక్కకి గుచ్చాలి. వానాకాలంలో కర్ర గరుకుదేరుతుంది, నెలకోసారి గరుకు కాగితం, నూనె తప్పవు. పూలు పెట్టుకోవడం ఇంకో తంటా. మూర మల్లెపూలయితే చుట్ట చుట్టూ తిప్పి పుల్లకే తగిలిస్తాను, నుదుటికి బరువు తెలీదు. పెళ్లిళ్లకి సవరం, జడగంటలు మాత్రం ఈ పుల్ల మొయ్యదు. మా ఆడపడుచు పెళ్లిలో సవరం కట్టించుకుని ఒక పూట ఉంచానంతే, భోజనాలు కాగానే విప్పేశాను. పెద్దవాళ్లు ఏదో అన్నారు, అననీ.

క్లచర్ ఇంట్లో రెండు గంటలకి పరవాలేదు. నా జుట్టు బరువుకి ఏడాదిలో మూడింటికి పళ్లు విరిగాయి. గుడ్డ చుట్టిన బ్యాండు రాత్రి వదులు జడ కొసకి వాడతాను.

ఫలితం సంగతి. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఓపిక పట్టాల్సిందే. తలపోటు మాత్రం పద్ధతి మార్చిన వారంలోనే పోయింది. నాలుగో నెలలో కణతల దగ్గర నూగు కనపడింది. ఏడాదికి అవి నాలుగు వేళ్ల పొడవై, ఎటు దువ్వినా లేచి నిలబడేవి. ఉమ్మెత్తకాయలా ఉన్నావని మా ఆయన నవ్వాడు. ఇప్పుడవి చెవి దాటాయి. ఎడమ కణత మీద రూపాయి బిళ్లంత చోట మాత్రం ఏమీ రాలేదు, చర్మం నున్నగా మెరుస్తుంది. అది ఇక రాదని డాక్టరుగారు మొన్న తేల్చేశారు. అప్ప రెండేళ్ల ముందు ఆ మాట అనుంటే బాగుండేది. అప్పుడు నేను వినేదాన్నో లేదో.

పిల్లలకి మాత్రం గట్టిగా చెప్తున్నాను. మా బడిలో ఆడపిల్లలు రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకొస్తారు. ప్రార్థనప్పుడు వెనక నుంచి చూస్తే కొందరికి పాపిడి పక్కన చర్మం ఉబ్బెత్తుగా గుండు సూది మొనల్లా లేచి ఉంటుంది. అంత బిగించి అల్లుతున్నారు వాళ్ల అమ్మలు. కనపడితే నేనే విప్పి ఒక వేలు దూరేంత వదులుగా అల్లుతాను. "మా అమ్మ తిడతాది టీచర్" అంటారు. తిడితే నా దగ్గరికి పంపమంటాను.

ఈ సంక్రాంతికి పుల్ల ఒక కాలి కొస చిట్లింది. రుద్ది నున్నగా చేస్తే పొడవు అర అంగుళం తగ్గింది, అయినా నిలుస్తోంది. ముందుచూపుగా మావయ్య చేత ఇంకో రెండు కోయించాను. ఒకటి అప్ప కూతురికి. ఇంకోటి చూడ్డానికని మా అమ్మ పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. దాంతో వీపు గోక్కుంటోందట.