నెరిసిన తలకి చుండ్రు షాంపూ: సెలీనియమా, కీటోకోనజోలా?

చుండ్రు షాంపూతో తెల్ల వెంట్రుకలు పసుపెక్కుతాయా, ఎక్కితే ఏది వాడాలి అని ఈ ఎండాకాలంలో నలుగురు అడిగారు. అడగడానికి కారణం నా తలే. సెలీనియం సల్ఫైడ్ 2.5 శాతం షాంపూ మూడు వారాలు వాడా. దురద పోయింది గానీ చెవుల దగ్గర తెల్లగా ఉన్నవన్నీ తుప్పు పట్టిన ఇనపతీగల్లా అయ్యాయి. "ఏంది అబ్బయా, గోరింటాకు పెట్టావా?" అంది మా అత్త.

చుండ్రు తగ్గించడంలో సెలీనియం సల్ఫైడ్, కీటోకోనజోల్ రెండూ గట్టివే, అక్కడ తగువు లేదు. తేడా అంతా కడగడంలో ఉంది. సెలీనియం సల్ఫైడ్ నీళ్లలో కరగదు. సీసా అడుగున పేరుకునే ఆ నారింజరంగు పొడిని చూడండి, ఊపి వాడమనేది అందుకే. తలమీద మిగిలిపోయేదీ అదే పొడి. నల్ల జుట్టులో కనపడదు. నెరిసినదానిమీదా, బ్లీచ్ చేసినదానిమీదా, రంగేసినదానిమీదా బయటపడుతుంది. కొందరికి మాడు కూడా రంగు తేలుతుంది. బాగా కడిగితే చాలావరకు తప్పించుకోవచ్చు, రంగేసిన తలైతే కనీసం ఐదు నిమిషాలు కడగాలి. మే నెలలో ఒంగోల్లో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే మాకు ఐదు నిమిషాల ధార ఎక్కణ్ణించి వస్తుంది? నేను పోసుకున్నది నాలుగు చెంబులు. ఫలితం అత్త చూసింది.

వెండి ఉంగరం తీసి పక్కన పెట్టడం కూడా మర్చిపోకండి, నల్లబడుతుంది. నాది నల్లబడ్డాకే తెలిసింది.

కీటోకోనజోల్ 2 శాతం షాంపూకి ఇంత తతంగం లేదు. వారానికి రెండుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడిగేస్తే సరి, రెండు నుంచి నాలుగు వారాలు. రంగు మారడం దీనితోనూ అరుదుగా ఉంది, నాకైతే మారలేదు. నీళ్లకి కటకటగా ఉన్న ఇంట్లో, తల నెరిసినవాళ్లకి నా ఓటు దీనికే. జుట్టు నల్లగా ఉండి, నీళ్లకి కొదవ లేకపోతే సెలీనియం వాడుకోండి, అడ్డేం లేదు.

తారు (కోల్‌టార్) షాంపూ సంగతంటారా? వాసన, దిండు గలీబుకి మరకలు, తెల్ల వెంట్రుకలకి గోధుమరంగు, పైగా ఎండలోకి పోతే చర్మం మండుతుంది. మన ఎండల్లో వద్దు. జింక్ పైరిథియోన్ ఉన్న షాంపూ రంగు అంటించదు, కొద్దిపాటి చుండ్రుకి చాలు.

ఎక్కిన రంగు మాటకొస్తే, మామూలు షాంపూతో తలంటుకుంటూ పోతే పలచబడుతుంది. నేను అంతవరకు ఆగలేక క్షౌరానికి పోయి చెవుల పక్కన పొట్టిగా తీయించేశా.