బ్యాకప్ ఫైళ్ళకు తేదీలున్నాయి, లోపల ఏమీ లేదు. చిత్తూరు మండీ వాళ్ళు జాగ్రత్త!

రాత్రంతా నిద్ర లేదు, కోపం ఇంకా దిగలేదు. తిరుపతి నుంచి వచ్చి మన బెల్లం మండీల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టే ఆయన ఎవరో మీకు తెలుసు, పేరు రాయను. పోయినేడు 6,500 కట్టి ఆయనతోనే బ్యాకప్ పెట్టించా. రోజూ రాత్రి 10కి రైతుల ఖాతాలు, అడ్వాన్సులు, తూకాల టేబుళ్ళు టెక్స్ట్ ఫైళ్ళుగా వేరే డిస్క్‌లోకి దిగాలి, పేరులో ఆ రోజు తేదీ ఉండాలి. పొద్దున కొట్టు తెరవగానే చూసేవాణ్ణి. నిన్నటి తేదీతో ఫైలు ఉండేది. సరే అనుకునేవాణ్ణి.

సోమవారం కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా తెలుపే, మూలన కర్సర్ ఒక్కటే కొట్టుకుంటోంది. ముందురోజుదీ అంతే. అప్పుడు సైజు చూశా. 0 కేబీ, 0 కేబీ, కిందికి జరిపితే ఇంకా ఎన్నో 0 కేబీ. ఒళ్ళు చల్లబడిపోయింది.

లాప్‌టాప్ తెలిసిన మా బావమరిది చూసి చెప్పాడు. జూన్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి వచ్చిన వాళ్ళ కుర్రాడు మైఎస్‌క్యూఎల్ (ఖాతాలన్నీ ఉండే డేటాబేస్) పాస్‌వర్డ్ మార్చాడు, రాత్రి బ్యాకప్ తీసే కమాండ్లుండే బ్యాచ్ ఫైల్లో మాత్రం పాతదే ఉంచేశాడు. అందులో > గుర్తుతో డేటాను ఫైల్లోకి పంపుతున్నారు. ఆ గుర్తు ఉంటే విండోస్ ముందుగా ఖాళీ ఫైలు పుట్టిస్తుంది, ఆ తర్వాతే కమాండ్ నడుస్తుంది. పాత పాస్‌వర్డ్‌తో డేటాబేస్ లోపలికి పోలేక కమాండ్ ఆగిపోయినా ఫైలు మిగులుతుంది, తేదీతో సహా. తప్పు చూపించే మెసేజ్ వచ్చినా మూసిన కొట్లో చూసేదెవరు? జూన్‌కి ముందువాటిలో డేటా ఉంది, కానీ తెలుగులో ఎక్కించిన రైతుల పేర్లన్నీ ????????. ఏ అడ్వాన్సు ఎవరిదో తెలీదు.

తిరుపతికి పోయి అడిగితే తలెత్తి కూడా చూడలేదు. "డేటుతో ఫైలు కావాలన్నారు, వస్తోంది కదన్నా. లోపల ఏముందో చూసుకోవాల్సింది మీరు" అన్నాడు. పక్కన ఇంకో కస్టమర్ ఉన్నాడు. ఆ కస్టమర్ ముందరే ఆ మాట అన్నాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడాదిలో ఒక్కసారి కూడా ఫైలు తెరవనిది నేనే, అది నా తప్పే. పాస్‌వర్డ్ మార్చింది నేనా?

నిన్న పెనుమూరు రైతు ఒకాయన తన చీటీ తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వు రాసిందే నాయనా, చూసుకో" అన్నాడు. ఇప్పుడు అలాంటి చీటీలు, కార్బన్ కాపీలు పెట్టుకుని మా నాయనా నేనూ ఖాతాలు మళ్ళీ రాస్తున్నాం.

ఆయనతో పెట్టించుకున్న వాళ్ళు ఈ రాత్రే ఫోల్డర్ తెరిచి సైజు చూడండి, ఒక ఫైలు తెరిచి తెలుగు పేర్లు చదవండి. పేర్లు ప్రశ్నార్థకాలుగా ఉంటే క్యారెక్టర్ సెట్ (అక్షరాలను భద్రపరిచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 పెట్టించండి. ఫైలు పేరులో తేదీ కూడా ఏడాది, నెల, రోజు వరసలో ఉండాలి. నాది రోజుతో మొదలవడంతో 01 తేదీలన్నీ ఒకచోట, 02లన్నీ ఒకచోట చేరి, ఖాళీ ఫైళ్ళు ఏ రోజు నుంచి మొదలయ్యాయో కనుక్కోవడానికే గంట పట్టింది. ఇంకా డబ్బు కట్టని వాళ్ళు, ఆ ఫైలు నుంచి టేబుల్ మళ్ళీ ఎక్కించి మీ కళ్ళ ముందు చూపిస్తేనే కట్టండి.