ఎం.వి.పి. కాలనీ మేడ మీద నాలుగు టమాటా రకాలు

రైతుబజారులో టమాటాలు ఏరుకునేటప్పుడు మనం సాధారణంగా వేసే ప్రశ్న ఒక్కటే, అవి నాటువా హైబ్రిడ్‌వా అని. కాయ కొంచెం నొక్కినట్టుగా ఉండి, తొడిమ చుట్టూ గాళ్లు కనిపిస్తే నాటు అనుకుంటాం. గట్టిగా, నున్నగా ఉంటే హైబ్రిడ్ అని తేల్చేస్తాం. అయితే మనం నాటు అని మురిపెంగా పిలుచుకునే కాయలలో చాలావరకు పరిశోధన కేంద్రాలలో రూపుదిద్దుకున్నవే. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా రూబీకి తల్లిదండ్రులలో ఒకటి సూ అనే అమెరికా రకం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ టిప్‌టాప్ అనే మరో అమెరికా రకం నుంచి ఎంపిక చేసినది అర్క వికాస్. తమిళనాడులోని పెరియకుళంలో అణ్ణంజి అనే స్థానిక రకాన్ని ఉత్పరివర్తనకు, అంటే జన్యువులలో మార్పు తెచ్చే ప్రక్రియకు, గురిచేసి తీసినది పీకేఎం-1. చూపులకు అక్కచెల్లెళ్లలా ఉండే ఈ మూడింటినీ, వాటి పక్కన అర్క రక్షక్ అనే హైబ్రిడ్‌నూ కిందటి శీతాకాలంలో విశాఖలోని మా మేడ మీద పెంచి, వండి, పోల్చి చూశాను.

ఒక్కో రకానికి మూడేసి మొక్కలు పెట్టాను. అన్నింటికీ ఒకే కొలత గ్రో బ్యాగులు, ఒకే మిశ్రమం: ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి. అక్టోబరులో వచ్చే తుపానుల సంగతి విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పటి నుంచి ఆ నెలలో మేడ మీద బరువైనది గానీ ఎత్తైనది గానీ ఉంచడానికి నాకు మనసొప్పదు. అందుచేత నారు కింద వరండాలో పోసుకుని, నవంబరు మధ్యలో పైకి చేర్చి, లాసన్స్ బే వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి సూటిగా తగలకుండా పిట్టగోడ చాటున వరుసగా అమర్చాను.

మొక్కల పెరుగుదల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పీకేఎం-1 పొట్టిగా, పొదలా ఉండిపోయింది కనుక ఒక్క ఊతకర్రతో సరిపోయింది. మిగిలినవాటికి దడి కట్టవలసి వచ్చింది. పూసా రూబీ అందరికంటే ముందు పండింది. ఒక ఫిర్యాదు మాత్రం ఇక్కడే చెప్పాలి: పీకేఎం-1 అని పేరు రాసి ఒక దుకాణంలో నాకు అమ్మిన పొట్లంలోంచి వచ్చిన మూడు మొక్కలలో ఒకటి కోలకాయలు కాసింది. కల్తీయో, పొరపాటో తెలియదు గానీ, ఆ మొక్కను లెక్కలోంచి తీసేశాను. కాబట్టి పీకేఎం-1 గురించి నా అభిప్రాయానికి ఆధారం రెండు మొక్కలే.

అసలు తేడా కాయను అడ్డంగా కోసినప్పుడు బయటపడింది. పూసా రూబీలో అరలు ఎక్కువ, గోడలు పలుచన. ప్రతి అరలోనూ గింజల చుట్టూ జిగురు గుజ్జు నిండుగా ఉంటుంది. టమాటాలో పులుపు ప్రధానంగా ఉండేది ఆ గుజ్జులోనే, గోడ కండలో తక్కువ. అర్క రక్షక్‌ను కోస్తే ఇందుకు పూర్తిగా భిన్నంగా మందమైన గోడలు, తక్కువ రసం కనిపిస్తాయి. వికాస్, పీకేఎం-1 ఈ రెండింటికీ నడుమన ఉంటాయి, కాకపోతే వికాస్ కాయ పెద్దది.

ఈ సంగతి నాలుకకు తెలుస్తుందో లేదో చూడాలని, ఒక్కో రకం పావుకిలో చొప్పున తీసుకుని, చింతపండు వేయకుండా, అదే ఉప్పు, అదే మిరియాల పొడితో నాలుగు గిన్నెలలో చారు కాచి, ఏది ఏదో చెప్పకుండా మా అత్తగారి ముందు పెట్టాను. పూసా రూబీ గిన్నె రుచి చూసి ఆవిడ, “దీంట్లో చింతపండు వేసేశావు కదమ్మా, వెయ్యనన్నావు?” అన్నారు. రక్షక్ చారును రెండు గుటకలు తాగి, “రంగు బాగుంది” అని ఊరుకున్నారు. ఎనభై ఏళ్లకు చేరువైన ఆవిడకు టమాటా ఇప్పటికీ రామములగే. ఆ తీర్పు మీద నాకు అప్పీలు లేదు.

పచ్చిగా తినడానికి వికాస్‌ను మించినది ఈ నాలుగింటిలో లేదు. దాని కాయకు, పీకేఎం-1 కాయకు కూడా, తొడిమ చుట్టూ ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. మా పక్కింటి పిన్నిగారు ఆ పట్టీని చూసి పండలేదనుకుని రెండుసార్లు కాయలు తిరిగి ఇచ్చేశారు. నిజానికి ఆ పచ్చదనం లోపం కాదు. కాయ అంతా ఒకే రంగులో పండాలని దశాబ్దాల పాటు ఎంపిక చేసుకుంటూ పోవడం వల్ల, కాయలోనే కొంత చక్కెర తయారుకావడానికి తోడ్పడే జన్యువు పనిచేయకుండా పోయిందని 2012లో వెలువడిన పరిశోధన తేల్చింది. అయితే ఎండ ముదిరాక ఆ భాగం పసుపు పచ్చగా, గట్టిగా మిగిలిపోతుంది. కూరలోకి కోసేటప్పుడు అంత మేర తీసివేయవలసిందే.

నిలవ పచ్చడి దగ్గరికి వచ్చేసరికి వరుస తలకిందులైంది. ఉప్పులో ఊరవేసి ఎండబెట్టినప్పుడు పూసా రూబీ ముక్కలు నీళ్లు కారి తొక్కలుగా మిగిలాయి, మన ఊరి గాలిలో తేమ వల్ల అవి ఆరడానికి మరో రెండు రోజులు పట్టింది. రక్షక్ ముక్కలు మాత్రం కండతో సహా చక్కగా ఒరుగులయ్యాయి. పైగా మొక్క నుంచి కోసిన రక్షక్ కాయలు వంటగది బుట్టలో రెండు వారాలు చెక్కుచెదరలేదు. పూసా రూబీ నాలుగో రోజుకే మెత్తబడింది.

తెగుళ్ల విషయంలో హైబ్రిడ్ తన పేరు నిలబెట్టుకుంది. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు అనే మూడింటినీ తట్టుకునేలా అర్క రక్షక్‌ను రూపొందించారు. మార్చిలో తెల్లదోమ పెరిగినప్పుడు పసుపు జిగురు అట్టలు కట్టినా సరే పూసా రూబీ మొక్కలు రెండు ముడుచుకుపోయాయి, వాటికి ఆనుకునే ఉన్న రక్షక్ ఆకులు విప్పారే ఉన్నాయి. అడుగు నల్లబడి కుళ్లిన కాయలు మాత్రం నాలుగు రకాలలోనూ వచ్చాయి. అది రకాల తప్పు కాదు, సంక్రాంతికి ఊరు వెళ్లి నాలుగు రోజులు సరిగా నీళ్లు పెట్టించని నా తప్పు. తడి హెచ్చుతగ్గులైతే కాయకు కాల్షియం అందదు. ఏప్రిల్లో రాత్రులు కూడా చల్లబడక అన్నింటి పూత రాలింది. వికాస్ ఒక్కటే కొన్ని కాయలు నిలుపుకుంది, అవీ ఎరుపెక్కక నారింజ రంగులోనే ఆగిపోయాయి.

ఈ అక్టోబరుకు పూసా రూబీ మూడు, రక్షక్ మూడు, వికాస్ రెండు పెట్టాలనుకుంటున్నాను. పీకేఎం-1 చెడ్డది కాదు గానీ, అది ఇచ్చే పులుపు పూసా రూబీలోనే ఎక్కువగా ఉన్నప్పుడు దానికి విడిగా చోటు ఇవ్వడానికి కారణం కనపడలేదు. ఒకే ఒక్క కుండీ, అదీ పొట్టి మొక్క, పెట్టుకోగలిగిన బాల్కనీవారికైతే అదే మేలు. పూసా రూబీ గింజలను గుజ్జుతో పాటు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచాను. హైబ్రిడ్ గింజ దాచినా అదే కాయ రాదు కనుక, మిగతావాటికంటే ధర ఎక్కువైనా రక్షక్ పొట్లం మళ్లీ కొనవలసిందే.