తెరిచాక దాచుకోలేని సిరా: ఐరన్ గాల్ ఇంకులు కొన్నేళ్ళు వాడాక

ఫౌంటెన్ పెన్ను సిరా బుడ్లు పోగేసేవాళ్ళం కలిస్తే షేడింగ్ (ఒకే గీతలో లేత, ముదురు తేడా) ఎలా ఉంది, షీన్ (ఆరాక పైన తేలే వేరే రంగు మెరుపు) ఎంత ఉంది, మెరుపు రేణువులు పాళీలో ఇరుక్కుంటాయా, ఇవే కబుర్లు. ఇవన్నీ నాకూ ఇష్టమే, నా అరలోనూ ఎర్బాన్ ఎమరాల్డ్ ఆఫ్ చివోర్ ఉంది, పైలట్ ఇరోషిజుకు యమ-బుదో ఉంది, కోల్‌కతా సులేఖ ఉంది, కేరళ నుంచి వచ్చే కృష్ణ ఇంకులు ఉన్నాయి. కానీ ఒక్క గుణం కోసం ఏ సిరా ఉంచుకుంటావు అని ఎవరైనా అడిగితే ఆలోచించకుండా ఐరన్ గాల్ అంటాను, అంటే ఇనుము, వగరు పదార్థం కలిపి చేసే పాతకాలపు సిరా. రాసిన అక్షరం కళ్ళముందే రంగు మారుతుంది. ఆ గుణం ఏ బుడ్డి ఫొటోలోనూ కనపడదు.

ఎక్కడైనా దొరికే వివరాలు వదిలేస్తున్నాను. ఎన్ని మిల్లీలీటర్లు, బుడ్డి మూత ఎలా ఉంది, డబ్బా ఎంత బావుంది, ఇవేవీ ఇక్కడ రాయను.

ప్లాటినమ్ వాళ్ళు 2017లో క్లాసిక్ ఇంక్ అని ఆరు రంగులు తెచ్చారు, ఆరూ ఐరన్ గాలే. వాటిలో సిట్రస్ బ్లాక్‌తో రాయడం నాకు ఇప్పటికీ పండగే. పాళీ కింద నుంచి వచ్చేది నిమ్మపండు పసుపు, తెల్ల కాగితం మీద సరిగ్గా కనపడనంత లేత. నాలుగు లైన్లు రాసి పైకి చూస్తే మొదటి లైను అప్పటికే ముదురుతూ ఉంటుంది, పేజీ చివరికొచ్చేసరికి పైనుంచి కిందికి పసుపు నుంచి ముదురు పచ్చ దాకా ఒక వరస. మర్నాడు చూస్తే అంతా ఒకే ముదురు రంగు. జర్మనీలోని రోరర్ అండ్ క్లింగ్‌నర్ వాళ్ళ సాలిక్స్‌లో ఇంత నాటకీయత లేదు, మామూలు నీలంగా మొదలై నెమ్మదిగా బూడిద కలిసిన నీలంలోకి దిగుతుంది. రోజూ వాడటానికి నాకు అదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే రాసేటప్పుడు కనపడుతుంది!

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను, కాబట్టి ఇందులో నాకు రెండింతల ఆనందం. బుడ్డిలో ఉన్నది ఫెర్రస్ రూపంలో ఉన్న ఇనుము, దానితో గాలిక్ ఆమ్లం లాంటి వగరు పదార్థం, ఇనుము కరిగే ఉండటానికి కొంచెం ఆమ్లం. ఈ మిశ్రమానికి దాదాపు రంగే ఉండదు, మనం ఏం రాస్తున్నామో మనకు కనపడటానికే కంపెనీలు నీలమో పసుపో ఒక రంగు కలుపుతాయి. సిరా కాగితం పీచులోకి ఇంకాక గాలిలోని ఆక్సిజన్ ఫెర్రస్‌ని ఫెర్రిక్ అనే ఇంకో రూపంలోకి మారుస్తుంది, అప్పుడు నీళ్ళల్లో కరగని నలుపు ఏర్పడుతుంది. నలుపు పైన పూతలా ఉండదు, పీచులోనే పుడుతుంది. అందుకే యూరప్‌లో వందల ఏళ్ళు దస్తావేజులు ఎక్కువగా దీంతోనే రాశారు. బ్రిటన్‌లో జనన మరణాల రిజిస్టర్ల కోసం ప్రత్యేకంగా రిజిస్ట్రార్స్ ఇంక్ అని తయారయింది, 1864 నాటి డయమైన్ కంపెనీ ఇప్పటికీ ఒకటి అమ్ముతోంది.

యూరప్‌వాళ్ళు వగరు కోసం ఓక్ చెట్టు కొమ్మల మీద కందిరీగ జాతి పురుగు గుడ్లు పెట్టినచోట ఏర్పడే కాయల్ని వాడారు, మన పచారీ కొట్లలో మాచికాయ అని దొరికేది అదే. మన దగ్గర ఆ పని కరక్కాయ చేసింది. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బట్టని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళల్లో ముంచి ఆరబెడతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళల్లో రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్ళల్లో అచ్చు ముంచి బట్ట మీద కొడితే, గిన్నెలో నల్లగా లేనిది బట్ట మీద నల్లబడుతుంది. విజయవాడ నుంచి రెండు గంటల ప్రయాణం, నేను పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను, తర్వాత క్లాసులో సాలిక్స్‌తో కాగితం మీద రాసి రెండింటిలో జరిగేది ఒకటే అని చెప్పాను. ఫెర్రస్ ఫెర్రిక్ తేడా అంత తేలిగ్గా ఎక్కిన పాఠం నాకు ఇంకోటి లేదు.

రంగు మారడం సరే, రోజువారీ వాడకంలో నన్ను కట్టిపడేసింది ఇంకోటి, కాగితం. మనకు దొరికే లాంగ్ నోట్‌బుక్కుల కాగితం సంగతి తెలిసిందే, ఖరీదైన ఇరోషిజుకు వేసినా గీత అంచులు వేర్లలా పాకుతాయి, వెనక పేజీకి మచ్చ దిగుతుంది. టొమోఎ రివర్ అనే జపాన్ కాగితం మీద స్వర్గంలా కనపడే సిరా ఆన్సర్ షీటు మీద పనికిరాదు. ఐరన్ గాల్ మాత్రం కిరాణా కొట్టు నోట్‌బుక్కులో కూడా సన్నగా, గీసినట్టు నిలబడుతుంది, రెండువైపులా రాసుకోవచ్చు. నా పాఠాల నోట్సు, ఇంటి లెక్కలు, పాలవాడి పద్దు అన్నీ దీంట్లోనే. ఇంటి లెక్కల పుస్తకం మీద ఒకసారి చెంబెడు నీళ్ళు ఒలికాయి, కలిపిన నీలం రంగంతా కరిగి పేజీ నిండా పాకింది కానీ అంకెలు నల్లగా అలాగే ఉన్నాయి.

అయితే ఒక మాట. నీళ్ళకు చెక్కు చెదరదు అని చాలామంది రాస్తారు, ఆరిన రాతకైతే అది నిజం. అప్పుడే రాసిన లైను మీద తడి చెయ్యి పడితే మామూలు సిరా ఎంత పోతుందో ఇదీ అంతే పోతుంది. నలుపు గట్టిపడటానికి కొన్ని గంటలైనా కావాలి. చెక్కు రాసి వెంటనే తడిపి పరీక్షించేవాళ్ళు నిరాశపడతారు.

ఇక అసలు కథ. రెండో వేసవిలో జరిగింది. అప్పుడు నేను వాడుతున్నది ఓ విదేశీ బుడ్డి, కంపెనీ పేరు అనవసరం, ఇది ఈ జాతి సిరాలన్నిటికీ ఉన్న గుణం. మే నెల, విజయవాడ, ఇంట్లో గోడలు కూడా వేడిగా ఉండే రోజులు. ఒక సాయంత్రం రాసిన నోట్సు మర్నాడు తీస్తే ఇంకా నీలంగానే ఉంది. కాగితం తేడా అనుకుని పాత నోట్‌బుక్కులో, పక్కనే పాత రాత ఉన్న పేజీలోనే రాసి చూశాను. పాత రాత నల్లగా, కొత్త రాత స్కూలు పిల్లల రాయల్ బ్లూలా. ఇంకో రోజు ఆగాను. ఊహూఁ. పెన్ను కడిగి, వేరే పెన్నులో నింపి చూశాను, అదే వరస. పైగా ధార కూడా సన్నబడింది, నిలువు గీతలు మధ్యలో ఆగిపోతున్నాయి.

అప్పుడు బుడ్డిని కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి కదలకుండా పట్టుకుని చూశాను. పైన తేటగా నీలం, అడుగున నల్లటి బురద, బుడ్డి వంచితే జారకుండా గాజుకి పట్టుకుని ఉంది. కాగితం మీద జరగాల్సింది బుడ్డిలోనే జరిగిపోయింది. మూత తీసిన ప్రతిసారీ కొంచెం గాలి లోపలికి పోతుంది, సిరా తగ్గేకొద్దీ ఆ ఖాళీలో నిలిచే గాలి పెరుగుతుంది, ఎండాకాలం ఆ చర్యకు వేగం ఇచ్చింది. ఇనుమంతా ఫెర్రిక్‌గా మారి అడుగుకు దిగిపోయింది. పైన మిగిలింది ఆమ్లం, ఇంత నీలం రంగు, అంతే. ఏ గుణం కోసం ఈ సిరాని ఇష్టపడ్డానో ఆ గుణం ఒక్కటే పోయి, బయటికి మంచి నీలం సిరాలాగే కనపడుతోంది. నిజంగా బాధేసింది. వడగట్టి వాడమని ఒకరు చెప్పారు, దానివల్ల పెన్ను బతుకుతుంది కానీ నలుపు తిరిగి రాదు, వడగుడ్డలో మిగిలిపోయేదే మనకు కావలసినది. అమ్మినవాళ్ళకు రాస్తే తెరిచి ఏడాది దాటిన బుడ్డికి ఇది మామూలే అన్నారు. ఆ మాట బుడ్డి మీద రాసి ఉండాలి కదా అన్నది నా అభ్యంతరం, అది ఇప్పటికీ అలాగే ఉంది.

పెన్నులో పేరుకున్న నల్ల మడ్డి నీళ్ళకు కదల్లేదు. ఇక్కడ ఒక సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. అమోనియానో సబ్బు నీళ్ళో పోసి కడగకండి, క్షారం తగిలితే ఇనుము ఇంకా గట్టిగా అడుగుకు దిగుతుంది. నేను లాబ్‌లోని ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి పొడి, ఒక చిటికెడు తీసి నీళ్ళల్లో కలిపి, పాళీని, దానికి సిరా అందించే ఫీడ్ అనే ముక్కని అందులో వేశాను. రాత్రికి నలుపంతా కరిగి పాళీ మెరిసింది. విటమిన్ సి ఫెర్రిక్‌ని మళ్ళీ ఫెర్రస్‌గా మార్చేస్తుంది, కాబట్టి నీళ్ళతో పాటు వచ్చేస్తుంది. మన ఇళ్ళల్లో తుప్పు మరకకి నిమ్మకాయ, ఉప్పు రుద్దడం చూసే ఉంటారు, నిమ్మరసంలోని ఆమ్లం కూడా ఇనుమునే పట్టుకుని వదిలిస్తుంది. షాపులో దొరికే నారింజ రుచి చప్పరింపు మాత్రలు మాత్రం వాడకండి, అందులో చక్కెర, రంగు ఉంటాయి.

ఆ వేసవి నుంచి పద్ధతి మారింది. కొత్త బుడ్డి తెరిచిన రోజే సగం సిరా చిన్న చిన్న గాజు సీసాల్లోకి అంచుదాకా నింపి, గట్టిగా మూత పెట్టి, చీకటి అల్మరాలో పెడతాను. గాలికి చోటు లేకపోతే ఇనుము నిలుస్తుంది, ఈ పద్ధతిలో దాచింది తర్వాతి వేసవి దాటింది. లాబ్‌లో ఫెర్రస్ ద్రావణాలు చెడకుండా ఇనుప మేకు వేసి ఉంచుతాం, ఆ ఆలోచన ఇక్కడ కూడా వచ్చింది కానీ వేయలేదు, మేకు సిరాలోని ఆమ్లాన్ని తినేస్తుంది. పెన్నులో మిగిలిన సిరా తిరిగి బుడ్డిలో పోయను.

బుడ్లు పోగేసేవాళ్ళం ఎప్పుడూ వేసుకోని లెక్క ఒకటుంది, అది కూడా ఈ సిరానే నాతో వేయించింది. పెన్ను లోపల సిరా పీల్చి నింపుకునే చిన్న గొట్టం, కన్వర్టర్‌లో పట్టేది ముప్పాతిక మిల్లీలీటరు చిల్లర. 50 మిల్లీలీటర్ల బుడ్డి అంటే 60 సార్లకు పైగా నింపుకోవచ్చు. నాలా రోజూ రాసేవాళ్ళకి ఒకసారి నింపితే వారం వస్తుంది, అంటే ఒక్క బుడ్డే ఏడాది దాటుతుంది. అరలో వరసగా ఉన్న మిగతా బుడ్లకు ఈ లెక్క అక్కర్లేదు, యమ-బుదో నేను వెళ్ళేదాకా ఆగుతుంది. ఇది ఆగదు. తెరిచామంటే రాసి తీరాలి. అందుకని ఐరన్ గాల్ మటుకు ఒక్కసారి ఒక్కటే తెరుస్తున్నాను, మిగతా రంగులు కొనడం మాత్రం తగ్గలేదు. కొనడంలో ఉన్న ఆనందం వేరు, అది తప్పని నేను అనను. కొత్త రంగు మొదటిసారి కాగితం మీద చూడటానికి డబ్బులు పెట్టడం నాకు సినిమాకి వెళ్ళడం కంటే ఎక్కువ తృప్తినిస్తుంది. రాయడానికి పనికొచ్చేంత కొంటున్నామా అన్నది మాత్రం వేరే ప్రశ్న, డిసెంబరులో రోజుకో బుడ్డి చొప్పున ఇచ్చే డయమైన్ ఇంక్‌వెంట్ డబ్బా కొన్నవాళ్ళకి ఆ ప్రశ్న బాగా తెలుసు.

పెన్ను విషయం. ఆమ్లం ఉంది కాబట్టి చవక స్టీలు పాళీల్లో పూత పోయినచోట మచ్చలు పడతాయి, నాకు ఒకదానికి పడ్డాయి. పాతకాలంలో బంగారు పాళీ, ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఫీడ్ వాడటానికి ఇది కూడా ఒక కారణం, రెండూ ఆమ్లానికి లొంగవు. 1932లో మొదలైన రాజమండ్రి రత్నం పెన్నుల్లాంటి ఎబొనైట్ పెన్నుకి ఈ సిరా బాగా కుదురుతుంది. కానీ డ్రాపర్‌తో నింపే పెన్నులో ఒకేసారి ఎక్కువ సిరా పడుతుంది, సగం అయ్యాక లోపల గాలి ఎక్కువవుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి బొట్టు కారే అవకాశం ఉంది, పైగా ఈ సిరాకి ఆ గాలే శత్రువు. కాబట్టి కుదురుతుంది అన్న మాటకి ఒక షరతు, నాలుగైదు రోజుల్లో ఖాళీ చేసేంత రాసేవాళ్ళకైతేనే. నేను ఇప్పుడు కన్వర్టర్ ఉన్న పెన్నుకే పరిమితమయ్యాను, రెండు వారాలకోసారి కడుగుతాను.

కొనాలా అంటే, అది మీరు ఎంత రాస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. నాకు రోజూ రాసే పని ఉంది, చవక కాగితం మీద రాయాలి, లాబ్ పక్కనే ఉంది, కాబట్టి నాకు ఇది సరిపోయింది. వారానికి ఒక సంతకం పెట్టేవాళ్ళకి, పెన్ను నెలల తరబడి డ్రాయర్‌లో పెట్టి మర్చిపోయేవాళ్ళకి, మెరిసే ముదురు రంగులు కావాలనుకునేవాళ్ళకి వద్దు. కాగితం మీద చివరికి మిగిలేది బూడిద, నలుపు, మాసిన ఊదా, మాసిన పచ్చ, ఇలాంటివే. కొనేముందు ఇంకోటి చూసుకోండి, డబ్బా మీద బ్లూ-బ్లాక్ అని ఉన్నదల్లా ఐరన్ గాల్ కాదు, ఇప్పుడు షాపుల్లో దొరికేవాటిలో చాలావరకు ఉత్త రంగు నీళ్ళే. ముందు ఎవరి దగ్గరైనా శాంపిల్ సీసా తీసుకుని సాలిక్స్‌తో మొదలుపెట్టండి, సిట్రస్ బ్లాక్‌కి తర్వాత వెళ్ళొచ్చు. కొనేది మాత్రం జూన్ దాటాక, వానలు పడ్డాక కొనండి, ఎండల్లో కొరియర్ వ్యానులో ఉడికిన బుడ్డి నాకైతే వద్దు.